చెడ్డ కబురు మీ దాకా ఎంతసేపట్లో వస్తుంది?

రాయగడ నుంచి ఒకరు అడిగారు: “ఎరువుల గోదాములో పదకొండేళ్ళు గుమాస్తాగా చేశాను. పోయిన నెల నన్నే ఇన్‌చార్జిని చేశారు. నా కింద తొమ్మిది మంది. ముగ్గురు తెలుగువాళ్ళు, నలుగురు ఒడియావాళ్ళు, ఇద్దరు కొండ ఊళ్ళ నుంచి వచ్చే కువి భాష మాట్లాడేవాళ్ళు. నలుగురు నాకన్నా వయసులో పెద్దవాళ్ళు. అందులో ఒకాయన నాకు పని నేర్పినవారు. ఏం చెప్పినా తలూపుతారు, పని మాత్రం తన పద్ధతిలోనే చేస్తారు. మంచి బాస్‌కు ఉండవలసిన లక్షణాలేమిటి? కఠినంగా ఉండాలా, మెత్తగా ఉండాలా?”

నేను 1985లో ఒక బ్యాంకులో క్యాషియరుగా చేరి, 2023లో మేనేజరుగా రిటైరయ్యాను. గుణుపురం, జయపురం, రాయగడ, పర్లాకిమిడి, బరంపురం: ఉద్యోగమంతా ఈ ఆంధ్ర, ఒడిశా సరిహద్దు వెంబడే తిరిగింది. పదహారు మంది మేనేజర్ల కింద పనిచేశాను. తరవాత పదమూడేళ్ళు నేనే ఆ కుర్చీలో కూర్చున్నాను. ఆ పదహారు మందిలో ఇద్దరిని తలచుకుంటే ఇప్పటికీ లేచి నిలబడాలనిపిస్తుంది. ముగ్గురిని తలచుకుంటే బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తొస్తుంది. మిగిలినవాళ్ళు బదిలీ కాగితం పట్టుకుని వచ్చారు, బదిలీ కాగితం పట్టుకుని వెళ్ళారు.

లక్షణాల జాబితా రాయడం తేలిక. నిజాయితీ, ఓర్పు, సమదృష్టి, మంచి మాట, సమయపాలన. ఇదే జాబితా పెళ్ళికొడుకుకీ సరిపోతుంది. దాన్ని పట్టుకుని రేపు ఉదయం గోదాము తలుపు తీసి మీరేం చేస్తారు? అందుకని జాబితా పక్కన పెట్టి ఒక్క ప్రశ్న అడుగుతాను. మీ గోదాములో ఏదైనా తేడా జరిగితే, ఆ కబురు మీకు ఎంతసేపట్లో చేరుతుంది? గంటలోనా, వారానికా, తనిఖీవాళ్ళు వచ్చాకా? నా అనుభవంలో మంచి బాస్‌నీ చెడ్డ బాస్‌నీ విడదీసే కొలత ఇదొక్కటే. మిగతా గుణాలన్నీ ఉండి కూడా చెడ్డ కబురు చేరనివాళ్ళను చూశాను. వాళ్ళు మంచి మనుషులే, పనికొచ్చే బాస్‌లు మాత్రం కారు.

1988 వేసవి, గుణుపురం. అప్పటికి మా శాఖకు కంప్యూటర్లు రాలేదు, అన్నీ చేత్తో రాసే పుస్తకాలే. నౌపడ నుంచి చిన్న గేజి రైలు ఊగుతూ వచ్చే రోజులు. సంత రోజున చింతపండు, జీడిపిక్కలు అమ్మిన డబ్బు కౌంటరు మీద కుప్పగా పడేది. చెమటకు తడిసిన నోట్లు, నాలుగు మడతలు పెట్టిన నోట్లు. అలాంటి ఒక సంత సాయంత్రం ఆరింటికి నా లెక్క కుదరలేదు. 5,400 రూపాయలు తక్కువ. నా జీతం అప్పట్లో నెలకు రెండు వేలు దాటదు.

అలాంటప్పుడు గుట్టుగా చేతి డబ్బు వేసి లెక్క సరిచేయడం క్యాషియర్లలో ఒక రహస్య సంప్రదాయం. తప్పని అందరికీ తెలుసు. అయినా పైవాడి నోటికి దడిసి అప్పు చేసైనా వేసేవారు. ఆ ఊళ్ళో నాకు అంత అప్పిచ్చేవాళ్ళు లేరు కాబట్టి ధర్మం నన్ను కాపాడింది. మేనేజరు అప్పటికే సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చారు. కటకం నుంచి వచ్చిన ఒడియా పెద్దమనిషి, తెలుగు కూడా ధారాళంగా మాట్లాడేవారు. చెప్పాను. సంచీ బల్లమీద పెట్టేశారు. “ఎవరికి ఎక్కువిచ్చావు?” అని అడగలేదు. “ఎంత?” అన్నారు. “5,400.” ఆయన కాగితమ్ముక్క మీద ఏదో గీసి, “తొమ్మిదితో పోతోంది బాబూ, డబ్బు ఎక్కడికీ పోలేదు” అన్నారు.

కొత్తవాళ్ళకు చెబుతాను, లెక్కలు చూసే ప్రతివాళ్ళకూ పనికొస్తుంది. రెండంకెలు తారుమారు చేసి రాసినా, సున్న ఒకటి ఎక్కువో తక్కువో రాసినా, వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. 36కు బదులు 63 రాస్తే తేడా 27. సున్న ఎక్కువ పడితే ఇంకా సుళువు: తేడాను తొమ్మిదితో భాగిస్తే వచ్చేదే అసలు మొత్తం. 5,400ను తొమ్మిదితో భాగిస్తే 600. తొమ్మిదితో పోయిన ప్రతి తేడా రాతలో తప్పే కానక్కరలేదు గాని, వెతకడం అక్కడ మొదలుపెట్టవచ్చు. ఇద్దరం కింద చాప మీద కూర్చుని ఆ రోజు చలానాలన్నీ పరిచి, 600 కట్టినవి ఏరాం. నాలుగు తేలాయి. మూడోది పుస్తకంలో 6,000గా పడింది. రాత నాది. పక్కన సరిచూసినట్టు పొట్టి సంతకం ఆయనది.

ఇంతవరకూ తెలివైన మేనేజరు కథ. మరునాటి ఉదయం జరిగింది మంచి మేనేజరు కథ. తలుపులు తీయకముందు అందరినీ పిలిచి చెప్పారు: “నిన్న 5,400 తేడా వచ్చింది. రాసినవాళ్ళు ఒక సున్న ఎక్కువ రాశారు. నేను చూడకుండా సంతకం పెట్టాను. రాత్రే చెప్పారు కాబట్టి గంటలో తేలింది. సంత రోజున నా సంతకాన్ని నమ్మకండి, మధ్యాహ్నం ఒకసారి మొత్తాలు కలుపుదాం.” నా పేరు ఎత్తలేదు. తన పేరు ఎత్తారు. ఆ తరవాత ఆ శాఖలో చిరిగిన నోటు పొరపాటున తీసుకున్నా, చెక్కు తప్పు ఖాతాకు పోయినా అరగంటలో ఆయన బల్ల దగ్గరికి కబురు వెళ్ళేది. ఎవరూ ధైర్యవంతులు కాలేదు, ఆయన దగ్గర ధైర్యం అవసరం లేకుండా పోయింది, అంతే.

మరో ఊళ్ళో మరో మేనేజరు. ఊరి పేరు వద్దు. ఆయన గొంతు రోడ్డు మీదికి వినబడేది. ఫైళ్ళు విసిరేవారు, ఒకసారి స్టాప్లరు కూడా. పై ఆఫీసువాళ్ళు వచ్చినప్పుడు ఒక్క కాగితం చప్పుడు కాకుండా పని జరుగుతుంటే చూసి, భలే క్రమశిక్షణ అని మెచ్చుకునేవారు. ఒక బియ్యం మిల్లుకు సరుకు తాకట్టు మీద అప్పిచ్చాం. ప్రతి నెలా నిల్వ వివరాలు కాగితం మీద వచ్చేవి. మా ఫీల్డు ఆఫీసరు వెళ్ళి చూసేసరికి ముందు వరసల్లో ధాన్యం బస్తాలు, వెనక ఊక బస్తాలు. చూసి వచ్చి ఆ సాయంత్రం నాకు చెప్పాడు. మేనేజరుకు చెప్పలేదు. రెండు నెలలు చెప్పలేదు. అంతకు ముందు వారమే ఒకరు అలాంటి కబురు తెచ్చి, “అప్పుడేం పీకుతున్నావు?” అనిపించుకున్నారు మరి. చివరికి మిల్లు మూతపడింది, అప్పు మునిగింది. విచారణలో మేనేజరు నిజమే చెప్పారు: “నాకెవరూ చెప్పలేదు.” ఆయన జీవితంలో అంతకన్నా పెద్ద నేరాంగీకారం లేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. నేనూ నోరు మూసుకున్నవాణ్ణే కాబట్టి నీతులు చెప్పే అర్హత ఆ ఘట్టంలో నాకు లేదు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. హార్వర్డ్‌లో అధ్యాపకురాలైన ఏమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రుల్లో మందులివ్వడంలో జరిగే పొరపాట్ల మీద పరిశోధన చేశారు. మంచి నాయకత్వం ఉన్న జట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుని మొదలుపెడితే, ఎక్కువ నమోదయ్యాయి. కారణం వెతికితే తేలిందేమిటంటే, ఆ జట్లవాళ్ళు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసిన తప్పుల్ని పైకి చెబుతున్నారు. మిగతా చోట్ల దాచేస్తున్నారు. కాబట్టి మీ గోదాములో మొదటి మూడు నెలల్లో సమస్యలు పెరిగినట్టు కనిపిస్తే కంగారు పడకండి. ఇన్నాళ్ళూ బస్తాల వెనక ఉన్నవి ముందుకు వస్తున్నాయన్నమాట.

ఇక మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఒక చిక్కు. మీరు ఏం చెప్పినా ఒడియా ఉద్యోగి “ఆజ్ఞా” అంటారు. పలకడం ‘ఆగ్యా’ అని వినిపిస్తుంది. తెలుగువాడి చెవికి అది ‘తమ ఆజ్ఞ, శిరసావహిస్తాను’ అన్నట్టుంటుంది. వాళ్ళ వాడుకలో అది మర్యాదకు పలికే మాట. వినబడింది, చెప్పండి, అలాగే, ఏమన్నారు, అన్నిటికీ అదే. పలికే స్వరాన్ని బట్టి అర్థం. జయపురంలో నేను అకౌంటెంటుగా ఉన్న రోజుల్లో తెలుగు మేనేజరొకరు ఒక సూచన చేస్తే పన్నెండు మందీ “ఆజ్ఞా” అన్నారు. ఆయన సంతోషంగా అందరూ ఒప్పుకున్నారని పైకి రాసేశారు. వారం తరవాత ఒక్కరూ ఆ పని చేయలేదు. మోసం కాదది. ఆయన అడిగింది అభిప్రాయం, వాళ్ళు ఇచ్చింది మర్యాద.

మనవాళ్ళ “సరేనండి” ఏమన్నా తక్కువా? అదీ అంతే. అందుకే “అర్థమయిందా?” అనే ప్రశ్న ఉద్యోగంలో అన్నిటికన్నా పనికిమాలిన ప్రశ్న. దానికి ఒకే జవాబు ఉంటుంది. దాని బదులు “ఈ పని ఎక్కడ మొదలుపెడతారు?” అని అడగండి. “ఇందులో ఏది కుదరదు?” అని అడగండి. రెండోది ఇంకా మంచిది. కుదరదని చెప్పడం అమర్యాద కాకుండా మీరే దారి వేస్తున్నారు.

తనకు తెలియదని ఒప్పుకుని పైవాడు కిందివాళ్ళను అడగడం ఎంత పెద్ద విషయమో పర్లాకిమిడివాళ్ళకు వేరే చెప్పక్కరలేదు. 1906 ప్రాంతంలో జె.ఎ. యేట్సు అనే ఆంగ్లేయుడు మన ఉత్తర జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తాను నేర్చుకున్న పుస్తకాల తెలుగు ఒకటి, జనం మాట్లాడుతున్నది ఒకటి. ఇదేమిటని ఆయన ఇక్కడివాళ్ళనే అడిగాడు. విశాఖపట్నంలో కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, దీనికి జవాబు గురజాడ, గిడుగు చెప్పగలరన్నారు. అప్పటికి గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకునేవారే, సవర భాష నేర్చుకోవడానికి సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని కష్టపడినవారు. ఈ ప్రశ్న దగ్గరే వ్యావహారిక భాషోద్యమం రగులుకుంది. ఈనాడు నేను ఈ జవాబు ఇలా రాయగలుగుతున్నానంటే, ఒక పై అధికారి తనకు అర్థం కాలేదని ఒప్పుకోవడం కూడా అందులో ఒక పాలు. మా సర్కిల్లో అలాంటి ఇన్‌స్పెక్టరు ఒక్కరూ తగల్లేదు. వచ్చినవాళ్ళందరికీ అన్నీ ముందే తెలుసు.

మా పర్లాకిమిడి శాఖలో సవర ఊళ్ళ నుంచి వచ్చే ఖాతాదారులతో మాట్లాడగలిగినవాడు ఒక్క ప్యూనే. ఎవరికి చదువు రాదు, ఎవరి పాసు పుస్తకం దళారి చేతిలో ఉంది, అతనికే తెలుసు. నాకు ముందున్న మేనేజరు అతన్ని టీలు తేవడానికి వాడుకున్నారు. నేను కూడా మొదటి ఆరు నెలలూ అంతే చేశాను. తరవాత సంత రోజుల్లో కౌంటరు పక్కన అతనికో కుర్చీ వేయించాను. పెద్ద సంస్కరణేమీ కాదు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. కాని దళారులకు అది బాగా గుచ్చుకుంది. మీ దగ్గర కువి మాట్లాడే ఆ ఇద్దరు ఎరువు కొనడానికి వచ్చే కొండ రైతుల గురించి మీకన్నా ఎక్కువ తెలిసినవాళ్ళు. వాళ్ళను బస్తాలు మోయడానికి మాత్రమే ఉంచుకుంటే నష్టం మీదే.

రెండో గొప్ప పరీక్ష: నోటిమాట. చెడ్డ బాస్ ఆదేశాలు గాలిలో ఉంటాయి. “చూసుకో”, “ఏదోటి చేసెయ్యి”, “పైనుంచి ఒత్తిడి ఉందయ్యా”. పని కుదిరితే తన ఘనత, చెడితే “నేనలా చెప్పానా?”. మంచి బాస్ ఇబ్బందైన మాటను కాగితం మీద పెడతాడు. పెద్ద నోట్ల రద్దు రోజుల్లో ఇది కళ్ళారా చూశాను. 2016 నవంబరు 8 రాత్రి ప్రకటన, 9న బ్యాంకులు మూత, 10 ఉదయం రాయగడలో మా శాఖ ముందు వరస మలుపు తిరిగి పోయింది. పాత నోట్ల మార్పిడికి మొదట 4,000 రూపాయల పరిమితి, 14 నుంచి 4,500, 18 నుంచి 2,000. మధ్యలో వేలికి సిరా గుర్తు. ఒక రోజు చెప్పింది మరునాడు తప్పయ్యేది. వరసలో నిలబడ్డవాడు మమ్మల్ని తిట్టేవాడు, మేము ఎవర్ని తిట్టాలో తెలిసేది కాదు.

అప్పటి మా ప్రాంతీయాధికారి ప్రతి రాత్రి తొమ్మిది దాటాక ఫోను చేసేవారు. “ఎంత పంచావు?” అని కాదు, “ఈ రోజు నీకు ఏది తేలలేదు?” అని. చాలాసార్లు ఆయనకూ తేలేది కాదు. “నాకూ తెలియదు. నీకు న్యాయమనిపించింది చెయ్యి, ఏం చేశావో రెండు వరసలు రాసి పంపు, నేను చెప్పానని కింద రాస్తాను” అనేవారు. నిజంగానే రాసేవారు. ఆ రెండు వరసల విలువ ఎంతో, విచారణ కాగితం అందుకున్నవాడికి తెలుస్తుంది. మా శాఖలో ఆ నెలంతా నిర్ణయాలు ఆగలేదు. పక్క ప్రాంతంలో పైవాళ్ళ మాట కోసం ఎదురుచూస్తూ కౌంటర్లు మూసుకున్నవాళ్ళున్నారు.

మీ పైవాళ్ళు నోటిమాట రకమైతే గొడవ పడకండి. ఆ సాయంత్రమే చిన్న సందేశం పెట్టండి: “మీరు ఉదయం చెప్పినట్టు ఫలానా లారీ సరుకు ఫలానా గదిలో దింపిస్తున్నాను.” అంతే. కాదనేవాడు అప్పుడే కాదంటాడు.

సెలవుల దగ్గర బాస్ అసలు రంగు తెలుస్తుంది. మన ప్రాంతంలో ఇది మామూలు ఆఫీసుల కన్నా చిక్కు. జనవరిలో తెలుగువాళ్ళందరికీ సంక్రాంతి, జూన్ నడుమ ఒడియావాళ్ళకు రజ పండుగ, తరవాత రథయాత్ర, డిసెంబరులో క్రైస్తవులైన సవరలకు క్రిస్మస్. బరంపురంలో ఉంటే రెండేళ్ళకోసారి ఠాకురాణీ యాత్ర. నేను కొత్త సంవత్సరం మొదటి వారంలో ఒక పెద్ద కాగితం గోడకు అంటించేవాణ్ణి. ప్రతివాళ్ళూ తమకు తప్పనిసరైన రోజులు ముందే రాసుకోవాలి, ఢీకొంటే వాళ్ళలో వాళ్ళే తేల్చుకోవాలి. విచిత్రమేమిటంటే, నేను కల్పించుకోనంతవరకూ తగువులే రాలేదు. సంక్రాంతికి ఒడియావాళ్ళు శాఖ నడిపారు, రజకు మనవాళ్ళు నడిపారు, ఆ మూడు రోజులూ పొడొ పిఠా అనే వాళ్ళ పిండివంట ఇంటింటి నుంచీ వచ్చింది.

సెలవుకు కారణం అడగడం కూడా మానేశాను. అడిగితే అబద్ధం నేర్పినట్టే. అమ్మమ్మలు ఒకటికి రెండుసార్లు చనిపోతారు. “తిరిగి ఎప్పుడొస్తారు, మీ పని ఎవరు చూస్తారు?” ఈ రెండే. ఇంకోమాట, మీరు సెలవు పెట్టండి. నేను లేకపోతే ఇక్కడ ఆకు కదలదని మురిసిపోయే బాస్ గోదామును నడపడం లేదు, తాళం వేస్తున్నాడు. రిజర్వు బ్యాంకు కూడా కీలకమైన పనుల్లో ఉన్న ఉద్యోగులు ఏడాదిలో కనీసం 10 పనిదినాలు ఏకబిగిన, వాళ్ళకు ముందుగా తెలియనివ్వకుండా సెలవులో ఉండేలా చూడమని బ్యాంకులకు చెప్పింది. మోసాలు పట్టుకోవడానికి పెట్టిన నిబంధన అది. పక్కవాడు పని నేర్చుకుంటాడన్నది నేను చూసిన లాభం.

నా ఘనతలే రాస్తున్నానని అనుకోకండి. 2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. పర్లాకిమిడిలో చెట్లు, స్తంభాలు అడ్డంగా పడిపోయాయి. గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగి ప్రాణాలు పోయాయి. కరెంటు లేదు, ఏటీఎం లేదు, ఫోన్లు మూగబోయాయి. జనానికి చేతిలో డబ్బు కావాలి. శాఖ ఎలాగైనా తెరవాలని నాకు పట్టుదల వచ్చింది. పట్టుదల మంచిదే. శుక్రవారం ఉదయం నేను ఇందాక చెప్పిన ప్యూను చేత సైకిలు మీద ఇంటింటికీ కబురు పంపాను: పదింటికల్లా రాగలరా, లేదా? ఆరుగురిలో ఐదుగురు వచ్చారు. జెనరేటరుతో నాలుగు గంటలు నడిపాం. సాయంత్రం తలుపు మూశాక, ఆ రోజు కౌంటరులో కూర్చున్న ఒకామె చీర కుచ్చిళ్ళ దగ్గర మోకాళ్ళ దాకా ఎండిన బురద కనిపించింది. వెళ్ళిపోయాక ప్యూను చెప్పాడు: వాళ్ళ వంటింటి రేకులు రాత్రి గాలికి లేచిపోయాయి, అత్తగారిని పక్కింట్లో పడుకోబెట్టి వచ్చిందట.

“ఉదయమే నాకెందుకు చెప్పలేదు?” అని అతని మీద కేకలేశాను. అతను తొణకలేదు. “మీరు వస్తారా రారా అని అడిగి రమ్మన్నారు బాబూ. అదే అడిగాను.”

ముప్ఫై మూడేళ్ళ సర్వీసు అప్పటికి. గుణుపురంలో చాప మీద కూర్చుని నేర్చుకున్నది ఒక్క గాలివానలో ఎగిరిపోయింది. కబురు తేలేదని నేను కబురు మోసేవాడినే తిట్టాను. మరునాడు అదే ప్యూనును మళ్ళీ పంపాను, ఈసారి ‘ఇంట్లో ఎలా ఉన్నారు, ఏం కావాలి’ అనే ప్రశ్నతో. రెండు టార్పాలిన్లు, ఒకరికి మధుమేహం మందు, ఇంకొకరికి తాగే నీళ్ళు అవసరమని తేలింది. అన్నీ ఊళ్ళో దొరికేవే. ఒక్క రోజు ముందు అడగవలసింది.

కఠినమా, మెత్తనా అన్నారు. నాకది తప్పు ప్రశ్న అనిపిస్తుంది, ఎందుకంటే రెండూ వేరువేరు విషయాలకు పనికొస్తాయి. స్ట్రాంగ్ రూముకు రెండు తాళంచెవులు, ఇద్దరి దగ్గర. ఒకసారి ఏదో తొందరలో హెడ్ క్యాషియరుతో, “మీ తాళంచెవి కూడా ఇలా ఇవ్వండి, నేనే తీసేస్తాను” అన్నాను. ఆయన ఇవ్వలేదు. “నేను వస్తాను, ఇద్దరం తీద్దాం సార్” అని లేచారు. నలుగురిలో కాదన్నాడని పూటంతా నాకు మంట. రాత్రికి గాని బుద్ధి రాలేదు. ఆ ఏడాది ఆయన వార్షిక నివేదికలో ఈ సంగతి ప్రత్యేకంగా రాశాను. డబ్బు, తూకం, తాళం, ప్రాణాపాయం: వీటి దగ్గర కఠినంగా ఉండండి, ముందు మీ మీద. అరగంట ఆలస్యం, మాట తూలడం, పని చేసే పద్ధతి: వీటి దగ్గర మెత్తగా ఉంటే కొంపలు మునగవు. చాలామంది దీన్ని తిరగేస్తారు. ఆలస్యానికి మండిపడి, తూకం దగ్గర చూసీచూడనట్టు పోతారు. తిట్టవలసి వస్తే గదిలో తిట్టండి, మెచ్చుకోవడం నలుగురిలో చేయండి అన్నది మీకు ఎవరైనా చెబుతారు, నిజమే కాబట్టి నేనూ చెప్పి వదిలేస్తున్నాను.

చివరిగా మీకు పని నేర్పిన ఆ పెద్దాయన. తలూపి తన పద్ధతిలో చేస్తున్నారంటే రెండే కారణాలు. మీరు ఆ కుర్చీలో కూర్చోవడం ఆయనకు నచ్చలేదు, లేదా మీరు చెప్పిన పద్ధతిలో ఏదో లోపం ఆయనకు కనిపించింది, చెప్పడానికి నోరు రావడం లేదు. మొదటిదానికి కాలమే మందు. రెండోది మాత్రం మీకు అందవలసిన కబురు, తొందరగా రాబట్టుకోండి. ఆయన్ని మీ గదికి పిలవకండి. పిలిస్తే “ఆజ్ఞా”నో “సరేనండి”నో తప్ప ఏమీ రాదు. సోమవారం లారీ దిగాక, కూలీలు వెళ్ళిపోయాక, ఆయన రోజూ కూర్చునే చోటికి మీరే వెళ్ళండి. యూరియా బస్తా 50 కిలోల నుంచి 45 కిలోలకు మారిన కొత్తలో లెక్కలు ఎలా తడబడ్డాయో ఆయనకు గుర్తుండే ఉంటుంది, అక్కడ మొదలుపెట్టండి. ఇప్పుడు అమ్మకాలు నమోదు చేసే యంత్రంలో చూపించే నిల్వకూ వరసల్లో ఉన్న బస్తాలకూ ఎక్కడ తేడా వస్తోందో అడగండి. ఆయన తెలుగువారు కాకపోతే ఒడియాలోనే అడగండి, తప్పులొచ్చినా సరే. ఆయన దిద్దుతారు. దిద్దనివ్వండి.